బండి ఆగితే ముందు బానెట్ ఎత్తకండి

పోయిన నెల టైర్ల గాలి గురించి రాసినప్పటి నుంచి తెలిసినవాళ్లంతా ఒకే ప్రశ్న రకరకాలుగా అడుగుతున్నారు. దారి మధ్యలో కారు ఆగిపోతే ఏం చేయాలి? అడిగేవాళ్లలో చాలామంది మొన్నమొన్ననే సెకండ్ హ్యాండ్ కారు కొన్న నా ఈడు వాళ్లే. పండక్కి ఊరెళ్లడానికి బస్సు టికెట్ దొరక్క కారు కొనేసిన బ్యాచ్. వాళ్లకి కావాల్సింది జంపర్ కేబుల్ దేనికి తగిలించాలి, క్రేన్ వాడితో బేరం ఎలా ఆడాలి, ఇలాంటివి. అవన్నీ చెప్తాను. కానీ అంతకంటే ముందు ఒకటి చెప్పనివ్వండి. బండి చెడిపోవడం వల్ల ఎవరి ప్రాణమూ పోదు. చెడిపోయిన బండి పక్కన రోడ్డు మీద నిలబడటం వల్ల పోతోంది.

2023 జులై 20న అర్ధరాత్రి దాటాక అహ్మదాబాద్ ఇస్కాన్ ఫ్లైఓవర్ మీద ఒక వాహనం లారీని గుద్దింది. చూడ్డానికి, సాయం చేయడానికి జనం పోగయ్యారు. పోలీసులు కూడా వచ్చారు. వెనక నుంచి స్పీడుగా వచ్చిన ఇంకో కారు వాళ్లందరి మీదకి వెళ్లిపోయింది. తొమ్మిది మంది చనిపోయారు. అంతకు ముందు ఏడాది అక్టోబర్ 5న ముంబై బాంద్రా-వర్లీ సీ లింక్ మీద ఇలాంటిదే జరిగింది. ప్రమాదంలో దెబ్బలు తగిలినవాళ్ల కోసం ఆగిన కార్లని, వచ్చిన అంబులెన్సుని కలిపి ఇంకో కారు గుద్దింది, ఐదుగురు పోయారు. మన దగ్గరికే వస్తే, 2024 ఏప్రిల్‌లో కోదాడ దగ్గర రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని కారు వెనక నుంచి గుద్దింది. ఆరుగురు. హైదరాబాద్-విజయవాడ రోడ్డులో తరచూ తిరిగేవాళ్లకి ఇలాంటి వార్త కొత్తేం కాదు.

ఇందులో లెక్క చాలా సింపుల్. గంటకి 100 కిలోమీటర్ల స్పీడ్ అంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. ముందు ఏదో ఉందని చూసి, అది కదలట్లేదని బుర్రకి ఎక్కి, కాలు బ్రేక్ మీదకి వెళ్లేసరికి ఒకటిన్నర సెకను. అంటే బ్రేక్ మీద కాలు పడకముందే 42 మీటర్లు వచ్చేశాడు. ఆ తర్వాత పొడి రోడ్డు మీద మంచి టైర్లతో ఆగడానికి ఇంకో 50 మీటర్ల పైమాటే. వాన పడినా, వచ్చేది లోడు లారీ అయినా ఇంకా ఎక్కువ. రాత్రి పూట మీ కారు కనిపించేసరికే వాడికి అంత దూరం మిగలకపోవచ్చు. వాడు మంచి డ్రైవరే కావచ్చు, తాగి ఉండకపోవచ్చు. అయినా గుద్దేస్తాడు. ఫిజిక్స్‌కి మొహమాటం లేదు.

మా ఆఫీసులో సర్వర్ పడిపోతే ఎందుకు పడిందో తర్వాత చూస్తాం, ముందు నష్టం పెరగకుండా ఆపుతాం. రోడ్డు మీద కూడా వరస అదే. కానీ చాలామంది చేసేదేంటి? కారు ఆగగానే మొదటి లైన్లోనే వదిలేసి దిగి, బానెట్ ఎత్తి, తల లోపల పెడతారు. లోపల ఏం కనిపిస్తుందని? ఇప్పటి కార్లలో బానెట్ కింద మనకి కనిపించేది ఒక పెద్ద ప్లాస్టిక్ మూత. పైగా ఎత్తిన బానెట్ వల్ల ముందేముందో కనిపించదు, వంగిన మనిషికి వెనకేం వస్తోందో కనిపించదు.

ఇంజిన్ ఆగిపోయినా కారుకి ఇంకా ఊపు ఉంటుంది. మీ దగ్గర మిగిలిన పెట్రోల్ ఆ ఊపే అనుకోండి. కంగారుపడి బ్రేక్ వేసి దాన్ని వృథా చేయకండి. ఎడమ ఇండికేటర్ వేసి, అద్దంలో చూసుకుంటూ తెల్లగీత దాటి వీలైనంత ఎడమకి దొర్లించండి. స్టీరింగ్ బరువుగా అవుతుంది, అయినా తిరుగుతుంది. బ్రేక్ ఒకటి రెండు సార్లు మామూలుగా పడుతుంది, ఆ తర్వాత గట్టిగా తొక్కాలి. తాళం మాత్రం పూర్తిగా తీయకండి, స్టీరింగ్ లాక్ పడితే కారు అదెటు పోతే అటే. దగ్గర్లో సర్వీస్ రోడ్డు ఉంటే ఇంకా మంచిది. టైరు పంక్చరైతే ఆ టైరు మీదే మెల్లగా ఓ రెండొందల మీటర్లు నడిపి సేఫ్ చోటికి చేరండి. టైరు పోతే పోనివ్వండి, ఇంకోటి కొనుక్కోవచ్చు.

ఆగాక హజార్డ్ లైట్లు వేయండి. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకునే ఆ ఎర్ర త్రికోణం బటన్ ఉన్నది ఇందుకే. మనవాళ్లు దాన్ని వానలో వెళ్తూ, టన్నెల్లో వెళ్తూ, నాలుగు రోడ్ల కూడలిలో నేరుగా వెళ్తూ వాడేస్తారు. దాంతో నిజంగా ఆగినవాడు వేసినా వెనకొచ్చేవాడికి అర్థం కావట్లేదు. అది వేరే కాలమ్‌కి సరిపడా గొడవ, వదిలేద్దాం. రాత్రయితే పార్కింగ్ లైట్లు కూడా వేయండి, లోపలి లైటు కూడా.

తర్వాత అందరూ ఎడమ తలుపుల నుంచి దిగాలి. డ్రైవర్ కూడా వీలైతే ఎడమకి జరిగి అటు నుంచే. పిల్లలు నిద్రపోతున్నా సరే లేపాలి. దిగి రెయిలింగ్ అవతలకి వెళ్లాలి. రెయిలింగ్ లేకపోతే రోడ్డుకి దూరంగా, కట్ట దిగి అవతలకి. అక్కడ కూడా మీ కారుకి ముందు వైపు కాదు, వెనక వైపు నిలబడండి. ఎవరైనా మీ కారుని గుద్దితే అది ఎగిరి పడేది ముందుకే కదా. కారు వెనక టెయిల్ లైట్లకి అడ్డంగా గుంపుగా నిలబడటం, డివైడర్ మీద కూర్చోవడం, కారుకి ఆనుకుని ఫోన్ మాట్లాడటం, ఈ మూడూ ప్రతి పండక్కీ కనిపించే దృశ్యాలే.

కొత్త కారుతో పాటు ఒక ఎర్ర ట్రయాంగిల్ వస్తుంది. చాలామందిది డిక్కీ అడుగున కవర్ కూడా విప్పకుండా ఉంటుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం దాన్ని కారుకి పది మీటర్ల వెనక పెడితే ఉపయోగం లేదు. హైవే మీద 100 మీటర్లు, అంటే మామూలు నడకలో దాదాపు 130 అంగలు. మలుపు తర్వాత ఆగి ఉంటే ట్రయాంగిల్ మలుపుకి ముందు ఉండాలి. పెట్టడానికి వెళ్లేటప్పుడు వచ్చే బండ్లకి ఎదురుగా, రోడ్డు అంచున, ట్రయాంగిల్ ముందుకి పట్టుకుని నడవండి. అయితే ఓఆర్‌ఆర్ లాంటి చోట, 120 స్పీడ్ అనుమతి ఉన్న రోడ్డు మీద, రాత్రి పూట, నడవడానికి అంచే లేనప్పుడు మాత్రం నేనైతే ట్రయాంగిల్ కోసం వెళ్లమని చెప్పను. హజార్డ్ వేసి రెయిలింగ్ దాటేయడమే.

అప్పుడు ఫోన్ తీయండి. జాతీయ రహదారి మీద అయితే 1033. ఇది నేషనల్ హైవేస్ అథారిటీ హెల్ప్‌లైన్, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. ఎవరికైనా దెబ్బలు తగిలితే 108, లేదా 112. ఫోన్లో అవతలివాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎక్కడున్నారు సార్?". దానికి "చిట్యాల దాటాక ఏదో దాబా పక్కన" అంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? హైవే పక్కన కిలోమీటర్ రాళ్లు ఉంటాయి, మధ్యలో చిన్న నంబర్ పలకలు ఉంటాయి. ఆ నంబరు చెప్పండి. దాంతో పాటు హైదరాబాద్ వైపు వెళ్తున్నారా, విజయవాడ వైపా అన్నది తప్పకుండా చెప్పాలి. నాలుగు లైన్ల రోడ్డులో అవతలి వైపుకి వచ్చిన క్రేన్ యూటర్న్ కోసం ఎన్ని కిలోమీటర్లు తిరగాలో మీకు తెలుసు. ఆ రాయి ఫోటో ఒకటి, లొకేషన్ ఒకటి ఇంట్లోవాళ్లకి పంపండి. ఫోన్ చార్జింగ్ అయిపోయేలోపు.

టోల్ కట్టే రోడ్డు మీద గస్తీ బండి, అంబులెన్స్, క్రేన్ ఉంటాయి. ఒక్క విషయం తెలుసుకోండి. హైవే క్రేన్ పని మీ బండిని రోడ్డు మీద నుంచి తీసి దగ్గర్లోని సేఫ్ చోట పెట్టడం వరకే. మీకు నచ్చిన సర్వీస్ సెంటర్‌కి చేర్చడం మీ ఇన్సూరెన్స్ వాళ్ల పనో, మీ జేబు పనో.

పోయిన దసరాకి మా బావగారి కారు సూర్యాపేట దాటాక ఆగిపోయింది. రాత్రి తొమ్మిది దాటింది. నాకు ఫోన్ చేశాడు. వెనక నుంచి అక్క గొంతు, పిల్లల ఏడుపు.

"ఒరేయ్, టాటా ఏస్ అతనెవరో వచ్చాడు. తాడు కట్టి సూర్యాపేట దాకా లాగేస్తానంటున్నాడు. ఎనిమిది వందలు అడుగుతున్నాడు, ఇచ్చేయనా?"

"బావా, మీది ఆటోమేటిక్. తాడు వద్దు. ముందు అక్కనీ పిల్లల్నీ తీసుకుని రెయిలింగ్ అవతలకి వెళ్లండి, అక్కడి నుంచి మాట్లాడదాం."

"అక్కడ దోమలురా."

"దోమలే కదా బావా."

వెళ్లారు. నేను ఫోన్లోనే వాళ్లని పక్కనున్న రాయి మీద నంబర్ చదవమన్నాను. బావ 1033కి ఫోన్ చేశాడు. గంట పైనే పట్టింది కానీ క్రేన్ వచ్చింది, పెట్రోల్ బంకు దాకా తీసుకెళ్లి పెట్టింది. అక్కడ లైట్లు, మనుషులు, టీ. ఇన్సూరెన్స్ తరఫున ఫ్లాట్‌బెడ్ బండి వచ్చేసరికి అర్ధరాత్రి. మెకానిక్ మర్నాడు చెప్పింది, బ్యాటరీ బానే ఉంది, ఆల్టర్నేటర్ పోయిందని. డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ ఎర్రగా నకిరేకల్ దగ్గరే వెలిగిందట. మూడు నెలల క్రితమే కొత్త బ్యాటరీ వేయించాం కదా, ఏదో సెన్సర్ ప్రాబ్లం అయి ఉంటుందని అనుకున్నారట.

ఆ ఎర్ర బొమ్మ అసలు అర్థం చాలామందికి తెలియదు. బ్యాటరీ పాతదైందని కాదు. ఇంజిన్ నడుస్తున్నా బ్యాటరీకి చార్జింగ్ వెళ్లట్లేదని. అంటే ఇప్పుడు కారు మొత్తం బ్యాటరీలో దాచిన కరెంటు మీద నడుస్తోంది, ఫోన్ చార్జర్ పీకేసినట్టు. 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అనుకోండి. హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాను, పెట్రోల్ పంపు, కంప్యూటర్ అన్నీ కలిపి 30 ఆంపియర్లు లాగితే గంటన్నర కూడా రాదు. ఆ బొమ్మ వెలిగితే ఏసీ, పాటలు, ఫోన్ చార్జింగ్ ఆపేయండి. ఇంజిన్ ఆపకండి, ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. వేడి ముల్లు ఒక కంట కనిపెడుతూ దగ్గర్లో లైట్లున్న బంకుకో దాబాకో చేరండి. కొన్ని కార్లలో ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టే నీళ్ల పంపుని కూడా తిప్పుతుంది. ఆ బెల్టు తెగితే ఇంజిన్ వేడెక్కిపోతుంది. ముల్లు పైకి లేస్తుంటే మాత్రం ఇక ఎక్కడుంటే అక్కడ పక్కకి తీసి ఆపాల్సిందే. ఆపాక రేడియేటర్ మూత వెంటనే తిప్పకండి. మరిగే నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి.

ఇక పొద్దున్నే అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఎదురయ్యే అసలు సిసలు డెడ్ బ్యాటరీ. సెల్ఫ్ కొడితే టకటకటక అని చప్పుడొచ్చి, లైట్లు మసకబారితే బ్యాటరీ చార్జింగ్ దిగిపోయింది. లైట్లు ధగధగ వెలుగుతూ ఒక్కసారి "టక్" అని ఊరుకుంటే అనుమానం సెల్ఫ్ మోటారు మీద. ఇంజిన్ గిరగిరా తిరుగుతోంది కానీ అందుకోవట్లేదంటే బ్యాటరీ కాదు, పెట్రోలో ఇంకోటో. అసలు ఏ చప్పుడూ లేకపోతే కంగారు పడకముందు చూడాల్సినవి ఉన్నాయి. క్లచ్ పూర్తిగా తొక్కారా, ఆటోమేటిక్ అయితే గేరు పార్కింగ్‌లో ఉందా, బ్యాటరీ టెర్మినల్ వదులైందా. బటన్ స్టార్ట్ కార్లలో "కీ కనపడట్లేదు" అని వస్తే తాళంలోని చిన్న బ్యాటరీ అయిపోయి ఉంటుంది. చాలా వాటిలో ఉండేది సీఆర్ 2032, కిరాణా కొట్లోనే దొరుకుతుంది. ఆ తాళాన్ని స్టార్ట్ బటన్‌కే ఆనించి నొక్కితే చాలా కార్లు స్టార్టవుతాయి. తలుపు తీయడానికి ఆ రిమోట్‌లోపలే ఇనుప తాళం ఉంటుంది. ఇది తెలియక అద్దం పగలగొట్టిన వాళ్లున్నారు.

నిండా చార్జింగ్ ఉన్న బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12 కిందకి వచ్చిందంటే దాదాపు ఖాళీ. మన దగ్గర బ్యాటరీని చంపేది చలి కాదు, ఎండ. విజయవాడ మే నెలలో బానెట్ కింద ఉండే వేడికి మూడు నాలుగేళ్లకే చాలా బ్యాటరీలు చేతులెత్తేస్తాయి. ఇంటి నుంచి పని చేస్తూ కారుని మూడు వారాలు కదపనివాళ్లు, డ్యాష్‌క్యామ్‌ని నేరుగా కరెంటుకి కలిపేసుకున్నవాళ్లు ఇంకొంచెం జాగ్రత్త. బ్యాటరీ మీద తయారీ నెల, ఏడాది ఉంటుంది. ఈ కాలమ్ చదవడం అయ్యాక ఒకసారి చూసి రండి.

జంప్ స్టార్ట్‌లో వరస ముఖ్యం. రెండు కార్లూ ఒకదానికొకటి తగలకూడదు, రెండూ ఆఫ్‌లో ఉండాలి. ఎర్ర కేబుల్ ఒక కొస ఆగిన కారు ప్లస్‌కి, ఇంకో కొస బాగున్న కారు ప్లస్‌కి. నల్ల కేబుల్ ఒక కొస బాగున్న కారు మైనస్‌కి. నాలుగో కొస మాత్రం ఆగిన కారు బ్యాటరీ మైనస్‌కి కాదు. ఇంజిన్ మీద రంగు వేయని ఇనుప భాగం ఏదైనా చూసి, బ్యాటరీకి దూరంగా అక్కడ తగిలించాలి. ఎందుకంటే ఆ చివరి కొస దగ్గరే నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంటుంది, ఆ రెండూ కలవకూడదు. బాగున్న కారు స్టార్ట్ చేసి ఓ ఐదు నిమిషాలు ఆగి, రెండో కారు స్టార్ట్ చేయండి. తీసేటప్పుడు వరస తిరగేయండి, నల్లది ముందు. స్టార్టయ్యాక కనీసం ఓ అరగంట నడపండి, అటు నుంచి అటే బ్యాటరీ షాపుకి వెళ్తే మరీ మంచిది. మళ్లీ సాయంత్రం అదే పాట పాడుతుంది కాబట్టి.

హైవే మీద సాయం చేస్తానని ముందుగా ఆగేది చాలాసార్లు లారీ డ్రైవరే. మంచి మనసే, కానీ లారీ కరెంటు 24 వోల్టులు, రెండు బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. మన కారు 12. లారీ నుంచి కేబుల్ తగిలిస్తే కారులోని కంప్యూటర్లు కాలిపోవచ్చు. అలాగే ఉబ్బిపోయిన, కారుతున్న బ్యాటరీని జంప్ చేయకండి. ఎలక్ట్రిక్ కారులో కూడా చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, అది దిగిపోయినా కారు లేవదు. కానీ దాన్ని తీసుకుని వేరే కారుకి జంప్ ఇవ్వడం మాత్రం మాన్యువల్ ఒప్పుకుంటేనే. ఇక ఆన్‌లైన్లో చవగ్గా వచ్చే సన్నటి కేబుళ్లు. పైన రబ్బరు లావుగా, లోపల తీగ దారంలా ఉంటుంది. వేడెక్కి పొగొస్తుంది తప్ప డీజిల్ ఇంజిన్ తిరగదు.

తోసి స్టార్ట్ చేయడం మాన్యువల్ గేరు కార్లకే. తాళం ఆన్‌లో పెట్టి, రెండో గేరులో క్లచ్ తొక్కి పట్టుకుని, కొంచెం ఊపు రాగానే క్లచ్ వదలాలి. హైవే మీద మాత్రం ఇది చేయకండి. తోసేవాళ్ల వీపులు ఎటు ఉంటాయో ఒకసారి ఊహించుకోండి.

తాడు కట్టి లాగించే విషయానికి వద్దాం, బావకి ఎందుకు వద్దన్నానో. ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ఆయిల్ తిప్పే పంపు సాధారణంగా ఇంజిన్ నడిస్తేనే నడుస్తుంది. ఇంజిన్ ఆగి, చక్రాలు మాత్రం తిరుగుతుంటే లోపలి పళ్లు ఆయిల్ లేకుండా అరిగి కాలిపోతాయి. ఎనిమిది వందలతో పోయేది గేర్‌బాక్స్ దాకా వస్తుంది. ఎలక్ట్రిక్ కారులో చక్రం తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది, అదీ ప్రమాదమే. అందుకే ఆటోమేటిక్, ఎలక్ట్రిక్, నాలుగు చక్రాలూ లాగే బండ్లు అన్నిటికీ నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్డే కావాలని ఫోన్లోనే చెప్పండి. చెప్పకపోతే ముందు ఖాళీగా ఉన్నది పంపేస్తారు. మాన్యువల్ కారు అయితే తక్కువ దూరం, తక్కువ స్పీడ్, న్యూట్రల్, పగలు, ఊళ్లోపల, ఇన్ని కలిస్తేనే తాడు. తాడు బంపర్‌కి కట్టకండి, బంపర్ ఒక్కటే ఊడి ముందుకెళ్తుంది. జాకీ, పానాలతో పాటు టూల్ కిట్లో ఒక ఇనుప కొక్కెం ఉంటుంది. బంపర్ మీద చిన్న మూత తీస్తే దాన్ని బిగించే మరలు కనిపిస్తాయి. వెనక కారులో కూర్చున్నవాళ్లకి బ్రేక్ రాయిలా ఉంటుందని మర్చిపోకండి.

టోయింగ్ బండి వాళ్లతో బేరం బండి కొక్కేనికి తగిలించక ముందే అయిపోవాలి. తగిలించాక మీ చేతిలో ఏమీ లేదు. ఎక్కడి దాకా, మొత్తం ఎంత, వెయిటింగ్ చార్జీ ఉందా, దార్లో టోల్ ఎవరిది, వాట్సాప్‌లో రాయించుకోండి. ఎక్కించకముందు కారు చుట్టూ ఒక వీడియో, కిలోమీటర్ల రీడింగ్ ఫోటో తీసి పెట్టుకోండి. కొత్తగా పడ్డ గీతల గురించి తర్వాత గొడవ పడాల్సి వస్తే అదొక్కటే సాక్షి.

మన తరం చేసే అసలు పొరపాటు ఫోన్లోనే ఉంది. కారు ఆగగానే నెట్‌లో "టోయింగ్ నియర్ మీ" అని కొట్టడం, పైన వచ్చిన నంబర్‌కి ఫోన్ చేయడం. అవి అన్నీ నిజమైన నంబర్లు కావు. అవతలివాడు మర్యాదగా మాట్లాడి, "రిజిస్ట్రేషన్‌కి పది రూపాయలు సార్" అని లింకు పంపుతాడు, లేదా స్క్రీన్ షేర్ యాప్ వేసుకోమంటాడు. చీకట్లో, చెమటలో, పిల్లలు ఏడుస్తుంటే ఎవరైనా నొక్కేస్తారు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ నేరాల హెల్ప్‌లైన్. అసలు ఆ అవసరం రాకుండా ఇప్పుడే మీ ఇన్సూరెన్స్ పాలసీ పీడీఎఫ్ తెరవండి. రోడ్ సైడ్ అసిస్టెన్స్ అని ఉందా చూడండి. ఉంటే ఏడాదికి ఎన్నిసార్లు, ఎన్ని కిలోమీటర్ల వరకు ఉచితం, జంప్ స్టార్ట్, పంక్చర్, తాళం లోపల ఉండిపోవడం ఇవన్నీ కలిపా కాదా, అన్నీ చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆ నంబర్ సేవ్ చేసుకోండి. కారు నడిపే ఇంకో మనిషి ఫోన్లో కూడా. ఇంకో సంగతి, 2020లో రూల్ మారిన దగ్గర నుంచి టైరు రిపేర్ కిట్, గాలి చూపించే సెన్సర్లు ఇస్తే స్టెప్నీ ఇవ్వకపోయినా కంపెనీలకి చెల్లుతుంది. మీ డిక్కీలో స్టెప్నీ ఉందో, చిన్న పంపు, జిగురు డబ్బా ఉందో ఇంటి దగ్గరే చూసుకోండి.

నీళ్లలో ఆగిన కారుకి రూల్ ఒక్కటే, మళ్లీ స్టార్ట్ చేయకూడదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో చూశాం. ఇంజిన్లోకి నీళ్లు వెళ్లాక సెల్ఫ్ కొడితే పిస్టన్ నీటిని నొక్కలేదు, లోపల రాడ్ వంగిపోతుంది. మునిగిన కారుని నేరుగా ఫ్లాట్‌బెడ్ ఎక్కించడమే.

బైకులవాళ్లు మమ్మల్ని మర్చిపోయావా అంటారు. ఇప్పుడొచ్చే చాలా బైకులకి కిక్ లేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే తోసినా లేవకపోవచ్చు, దాని పంపుకి, కంప్యూటర్‌కి కొంచెమైనా కరెంటు కావాలి. ఇక మన సిటీ స్పెషల్, ఆగిన బండి ఫుట్‌రెస్ట్ మీద కాలు పెట్టి ఫ్రెండ్ తన బండితో తోసుకుంటూ వెళ్లడం. గల్లీలో సరే. మెయిన్ రోడ్డు మీద, ఫ్లైఓవర్ మీద వద్దు. ముందు బండికి ఊపు మీ చేతిలో లేదు, వెనక బండి బ్యాలెన్స్ ఒంటికాలి మీద ఉంది. వాడి కాలు జారితే ఇద్దరూ పడతారు. చిన్న టెంపో మాట్లాడుకుని ఎక్కించేయండి.

ఒంటరిగా ఉన్న అమ్మాయిలకి నేను పైన చెప్పినవన్నీ అంత తేలిక కాదని నాకు తెలుసు. 2019 నవంబర్‌లో శంషాబాద్ టోల్ దగ్గర స్కూటర్ టైరు గాలి పోవడంతో మొదలైన దారుణం ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. సాయం చేస్తామని వచ్చినవాళ్లే గాలి తీసినవాళ్లు. మొహమాటానికి ఎవరి సాయమూ ఒప్పుకోనక్కర్లేదు. నేరుగా 112. బండిని అక్కడే వదిలేసి టోల్ బూత్ గది దగ్గరికో, బంకు లైట్ల కిందికో వెళ్లిపోవడం కూడా సరైన నిర్ణయమే. బండి పోతే ఇన్సూరెన్స్ ఉంది. తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ ప్రయాణాన్ని దారి పొడుగునా గమనిస్తుంది, ఆంధ్రప్రదేశ్‌లో శక్తి యాప్ ఉంది. బయల్దేరేటప్పుడే ఫోన్లో పెట్టుకోండి, ఆగాక డౌన్‌లోడ్ చేయడానికి సిగ్నల్ ఉండకపోవచ్చు.

డిక్కీలో నేను పెట్టుకునేవి పెద్దగా ఏం లేవు. మెరిసే పచ్చ జాకెట్ ఒకటి, టార్చి, లావు జంపర్ కేబుల్, నీళ్లు, తుడుచుకోవడానికి పాత లుంగీ ముక్క. పవర్ బ్యాంకులా ఉండే జంప్ స్టార్టర్లు మంచివే కానీ వాటిని ఎండలో నిలబెట్టిన కారులో నెలల తరబడి వదలకండి, లోపల ఉన్నది లిథియం.

లారీలవాళ్లు బండి ఆగితే వెనక రాళ్లు, చెట్టు కొమ్మలు పేరుస్తారు. ట్రయాంగిల్ లేని చోట అది ఒక రకంగా పనికొస్తుంది కూడా. కానీ బండి బాగవగానే ఎక్కి వెళ్లిపోతారు, రాళ్లు రోడ్డు మీదే ఉండిపోతాయి. అర్ధగంట తర్వాత ఆ లైన్లో వచ్చే బైకు కుర్రాడికి అక్కడ లారీ కనపడదు, రాయి మాత్రం తగుల్తుంది. మీ కారు కదిలే ముందు ట్రయాంగిల్ మడిచి డిక్కీలో పడేయండి. మీరు పేర్చినా, ఇంకెవరు పేర్చినా, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు చూసుకుని ఆ రాళ్లు కాలవలోకి దొర్లించి అప్పుడు ఎక్కండి.